మొర మెట్లెక్కిన కత్తి

కాంస్యపురిలో ఆ ఉదయం ఎండ ముచ్చటగా కాసింది. కోట బురుజుల మీద కంచు కలశాలు ధగధగలాడాయి. ఏడంతస్తుల రాజసౌధం మీద పట్టు పతాకలు రెపరెపలాడాయి. అంగడి వీధుల్లో జవ్వాది, పునుగు, కుంకుమపువ్వు పరిమళాలు కలగలిసి గుప్పుమన్నాయి. లోకమంతా బాగానే ఉంది. ఒక్క కల్లుగీత బయ్యన్నకే బాగాలేదు. మిట్టమధ్యాహ్నం గంట మోగగానే అతని రెండు బొటనవేళ్ళూ తెగ్గొట్టాలని ముందురోజే తీర్పయింది.

బొటనవేళ్ళే కదా, ప్రాణం కాదు కదా అని న్యాయాధికారి అతన్ని ఓదార్చాడు కూడా. ఆయన ఎప్పుడైనా తాడిచెట్టు ఎక్కి ఉంటే ఆ మాట అనేవాడు కాదు. బొటనవేలు లేనివాడు మోకు బిగించలేడు, గీతకత్తి పట్టలేడు, నిండు కుండ దించలేడు. ఇంట్లో కూర్చుని ముద్ద కలుపుకోవాలన్నా ఇంకొకరిని పిలవాలి. ఇరవై ఎనిమిదేళ్ళకే బయ్యన్నకు ఆ బతుకు రాసిపెట్టారు.

అతను చేసిన నేరం ముద్రలేని కత్తి దగ్గర పెట్టుకోవడం. ప్రతాపదుందుభి మహారాజు ఏలుబడిలో జానెడుకు మించిన కత్తి ఎవరి చేతిలో ఉన్నా దాని పిడి మీద రాజముద్ర ఉండి తీరాలి. బయ్యన్న గీతకత్తి జానెడు లోపే. కాని మూడు రోజుల కిందట అతను తోపులోకెల్లా పొడుగాటి తాడెక్కితే, మొవ్వులో మట్టల నడుమ ఒక మహాఖడ్గం నిలువునా గుచ్చుకుని ఉంది. నెమలికంఠపు వన్నె, మకరముఖం చెక్కిన పిడి, ఆ మకరానికి కెంపుల కళ్ళు, పదునైన వాదర వెంట సన్నగా తేనెటీగల రొదలాంటి చప్పుడు. అంత ఎత్తున దాన్ని ఎవరు పెట్టారో అంతుబట్టలేదు. అక్కడే వదిలేస్తే ఏ గాలికో ఊడి కిందివాడి నెత్తిన పడుతుందని నడుముకు దోపుకుని దిగాడు. జీవితంలో అతను ముందుచూపుతో చేసిన పనులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అందులో ఒకదానికి ఇలా పట్టుబడ్డాడు.

చెట్టు కింద నగరపాలకుడు ఉగ్రదంష్ట్రుడు నలుగురు భటులతో నిలబడి ఉన్నాడు. దొంగల కోసం కాదు, రోజూ ఊరికే తాగిపోయే కల్లు కోసం. ముందు కల్లు తాగాడు. మూతి తుడుచుకున్నాడు. తరువాత కత్తి చూశాడు. ఆ తరువాత బయ్యన్న చేతులు కట్టించాడు. విచారణ కూడా ఎంతోసేపు పట్టలేదు. కత్తి ఎక్కడిదంటే చెట్టు మీదిదని బయ్యన్న చెప్పాడు. కత్తులు కాసే చెట్టేదో తనకూ చూపించమని న్యాయాధికారి అడిగాడు. అందరూ నవ్వారు. నవ్వులు ఆగాక శిక్ష చదివారు.

శిక్ష పడినవాడికి కాంస్యపురిలో ఒక పూట వెసులుబాటు ఉంది. ఆ పూటలో వెళ్ళి రాజుగారికి మొర పెట్టుకోవచ్చు. అయితే పారిపోకుండా ఇంటిమనిషి ఒకరు నగరపాలకుడి అరుగు మీద పూచీగా కూర్చోవాలి. బయ్యన్నకు పూచీ అతని భార్య నీలి. గంట మోగేవేళకు అతను రాకపోతే ఆమె వేళ్ళు పోతాయి. అందుకే పారిపోయే ఆలోచన బయ్యన్నకు వచ్చినట్టే వచ్చి, తానే సిగ్గుపడి వెళ్ళిపోయింది.

వెంట ఉన్నది అత్తగారు మాచమ్మ. మనిషి పొట్టి, నోరు మాత్రం చాలా పెద్దది. కూతురిని ఈ చెట్లెక్కేవాడికి ఇచ్చినందుకు పదేళ్ళుగా తన్ను తాను తిట్టుకుంటూ, మధ్యమధ్య అతన్నీ తిడుతూ ఉండేది. ఇప్పుడు అతని వేళ్ళ మీదికి వచ్చేసరికి ఆ తిట్లన్నీ రాజ్యం మీదికి మళ్ళించింది.

మొరకు ఒక నియమం ఉంది. వ్యాజ్యంలో ఉన్న వస్తువును మొరపెట్టేవాడే స్వయంగా చేతబట్టుకుని సింహాసనం ముందు నిలబడాలి. రాజుగారి ముత్తాత కాలంలో ఒక పెద్దమనిషి లేని ఏనుగు కోసం పన్నెండేళ్ళు వ్యాజ్యం నడిపాడట. పన్నెండో ఏట ఏనుగును చూపించమంటే నీళ్ళు నమిలాడట. అప్పటినుంచి ఈ నియమం. గేదె తగాదా అయితే గేదె సభకు రావాలి. గోడ తగాదా అయితే గోడలోంచి ఇటుకైనా రావాలి. కిందటేడు ఒక తేనెతుట్టె వ్యాజ్యంలో మంత్రులందరికీ ముఖాలు వాచిపోయి నాలుగు రోజులు సభ జరగలేదు. అయినా నియమాన్ని కదిలించే ధైర్యం ఎవరికీ లేదు.

బయ్యన్న కత్తి రాజుగారి ఆయుధశాలలో ఉంది. ఆ ఆయుధశాల అధికారి చాలా మర్యాదస్తుడు. కూర్చోవడానికి పీట వేయించి మరీ కాదన్నాడు. ముద్రలేని కత్తి తన గడప దాటాలంటే రాజాజ్ఞ కావాలి. రాజాజ్ఞ కావాలంటే మొర వినబడాలి. మొర వినబడాలంటే కత్తి గడప దాటాలి. ఈ మూడు ముక్కలూ ఆయన మూడుసార్లు చెప్పాడు, ప్రతిసారీ తనే కొత్తగా కనిపెట్టినంత సంబరంగా. పైగా ఆ కత్తితో వీధిలో కనబడితే అది రెండో నేరమనీ, దానికి చూపుడువేళ్ళు తీస్తారనీ, తెలిసినవాడు కాబట్టి హెచ్చరిస్తున్నాననీ అన్నాడు.

బయ్యన్న బయటికొచ్చి గోడకు చేరగిలబడ్డాడు. వేళ్ళ వంక చూసుకుంటే ఏడుపొచ్చింది. మాచమ్మకు ఏడుపు రాలేదు. ఆమె ఆయుధశాల పక్క వాకిలి వైపు చూస్తోంది. ఆ రోజు ఏకాదశి. ప్రతి ఏకాదశికీ గానుగ వీధి ఆడవాళ్ళు నూనె కుండలతో వచ్చి కత్తులన్నిటికీ నూనె రాసి తుడిచిపోతారు. వాళ్ళకు అడ్డూ అదుపూ లేదు. కుండలో నూనె ఉందా లేదా అని చూస్తారే తప్ప, మోసేది ఎవరని ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

అరగడియ గడిచేసరికి గానుగ వీధిలో ఒక పెరట్లో బయ్యన్న ముతక చీర కట్టుకుని, తల మీద ముసుగేసుకుని, మాచమ్మ ముందు నిలబడ్డాడు. ఆమె చేతిలో మంగలికత్తి ఉంది. ముసుగు చాలునని, మీసం జోలికి మాత్రం రావద్దని అతను బతిమాలాడు. ఆ మీసం అతని తండ్రి పోలిక. నీలికి కూడా ఇష్టం.

"మీసం మళ్ళీ మొలుస్తుందయ్యా అల్లుడా. వేళ్ళు మొలవ్వు," అంది మాచమ్మ.

మీసం పోయింది.

ఆయుధశాల లోపల మరో లోకం. ఏనుగులు నడవగల విశాలమైన మండపాలు, నల్లరాతి స్తంభాలు, స్తంభం స్తంభానికీ వేలాడే కంచు దీపాలు. ఆ వెలుగులో వేనవేల కరవాలాలు మినమినలాడుతున్నాయి. ఏడు తరాల యుద్ధాల్లో గెలిచిన గండ్రగొడ్డళ్ళు, ఓడిన గండ్రగొడ్డళ్ళు, శత్రుసేనలు పారిపోతూ వదిలేసిన బల్లేలు, సొంత సేనలు పారిపోతూ వదిలేసి మళ్ళీ తెచ్చుకున్న బల్లేలు, అన్నీ వరసలు తీరి ఉన్నాయి. ద్వారం దగ్గరి భటుడు బయ్యన్నను ఎగాదిగా చూసి, ఈ పిల్ల ఎవరని అడిగాడు. తన చెల్లెలి కూతురనీ, మాటలు రావనీ, ఇంకా సంబంధం కుదరలేదనీ మాచమ్మ చెప్పింది. ఆ చివరి ముక్క విన్నాక భటుడు ఇంకేమీ అడగకుండా దారి ఇచ్చాడు.

బయ్యన్న కత్తి చివరి మండపంలో, విచారణ సామాన్ల గదిలో, ఒక మేకు మీద వేలాడుతోంది. దాన్ని పట్టుకోబోయేసరికి అవతలి వైపునుంచి ఇంకొక నూనెగత్తె కూడా చెయ్యి చాపింది. ఆ చేతి మీద వెంట్రుకలు చూసి బయ్యన్న ఉలిక్కిపడ్డాడు. ఆమె ముసుగు జారింది. లోపల జానెడు గడ్డం, గుడ్లగూబ కళ్ళు, పడిశం పట్టిన ఎర్రటి ముక్కు.

ఆయన కాటుకకొండ మాంత్రికుడు ఘూకాక్షుడు. పేరు చెప్పగానే పారిపోతారని కాబోలు, అడక్కుండానే చెప్పాడు. ఆ ఖడ్గం కోసం తను కొండగుహలో మూడు వందల ఏళ్ళు ఒంటికాలి మీద నిలబడ్డాననీ, మూడు రోజుల కిందట తెల్లవారుజామున ఆకాశమార్గాన పోతుంటే తుమ్మొచ్చి చేయి జారిందనీ, వెంటనే వదిలితే ప్రాణాలతో వదులుతాననీ బెదిరించాడు. బెదిరింపు మధ్యలో రెండుసార్లు ముక్కు చీదుకున్నాడు. అంత ఇనుము మధ్య మంత్రం పారదు. అందుకే ఆ మహామాంత్రికుడు కూడా కుండ నెత్తిన పెట్టుకుని వరసలో నిలబడి రావలసి వచ్చింది.

బయ్యన్నకు భయానికి బదులు ఎక్కడలేని సంతోషం వచ్చింది. కత్తి ఎవరిదో తేలిపోయింది. అతను ముసుగు పక్కకు జరిపి, ముసలాయనకు దణ్ణం పెట్టి, ఈ ఒక్క మాట వచ్చి రాజుగారి ముందు చెబితే చాలు, తన వేళ్ళు దక్కుతాయని బతిమాలుకున్నాడు.

ఘూకాక్షుడు అంత అమాయకుడు కాడు. తన కత్తికీ ముద్ర లేదు. ఆ మాట చెబితే తన బొటనవేళ్ళు పోతాయి. బొటనవేలు లేని మాంత్రికుడు విభూతి చిటికెడు తీయలేడు, జపమాల తిప్పలేడు. కల్లు గీసేవాడి వేళ్ళు పోతే పోయాయనీ, లోకంలో కల్లుకేం తక్కువనీ అన్నాడు.

ఆ మాటతో మాచమ్మకు ఒళ్ళు మండింది. ఇద్దరూ కత్తిని చెరోవైపు పట్టుకుని గుంజుకుంటుంటే, ఆమె తన కుండ ఎత్తి మాంత్రికుడి చేతుల మీద నువ్వులనూనె గుమ్మరించింది. పట్టు జారి ఘూకాక్షుడు వెల్లకిలా పడ్డాడు. బయ్యన్న కత్తిని చీర కుచ్చిళ్ళలో దోపి పరుగెత్తాడు. సగం దూరం పోయాక అతనికి ఒక ఆలోచన వచ్చింది. ఈ ముసలాయన తనంతట తాను సభకు రాడు. తన కత్తి వెంట మాత్రం తప్పకుండా వస్తాడు. బయ్యన్న గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగి, మూడు వందల ఏళ్ళు ఒంటికాలి మీద నిలబడ్డవాడికి రెండు కాళ్ళతో పరుగెత్తడం చేతనవుతుందా అని గట్టిగా అడిగాడు.

చేతనయింది. గడప దాటగానే ఇనుము బాధ వదిలి ఘూకాక్షుడికి బలమంతా ఒక్కసారి తిరిగొచ్చింది. మనిషి కాస్తా గున్నేనుగంత అడవిపంది అయ్యాడు. కోరలు విదిల్చి ఒక్క ఊపున ఆయుధశాల వాకిలి కూల్చాడు. గుగ్గిలం అంగడి చిందరవందరయింది. రంగుల అంగడిలో దూరి బయటికొచ్చేసరికి ఆ పంది సగం పసుపు, సగం నీలం. జనం కకావికలయ్యారు. ఒక చీర కట్టిన మనిషి కత్తి దోపుకుని ముందు, రెండు రంగుల పంది వెనుక. అది చూసి ఉగ్రదంష్ట్రుడి భటులు కూడా వెంటపడ్డారు. పందినేం చేయాలో తెలియక వాళ్ళంతా బయ్యన్ననే తరిమారు.

మాచమ్మ అంత పరుగెత్తలేక, అడ్డసందున పడి ముందే బయటపడింది. నాలుగు వీధుల మొగలో ఒక జమీందారుగారి పల్లకీ దించి ఉంది. ఆమె బోయీల దగ్గరికి పోయి తను మంత్రసానిననీ, అంతఃపురంలో చిన్నరాణిగారికి నొప్పులొస్తున్నాయనీ, ఆలస్యమైతే ఎవరి తల పోతుందో ఆలోచించుకోమనీ చెప్పింది. బోయీలు మరో మాట అడగలేదు. ఆమె ఎక్కింది. పరుగున వచ్చిన బయ్యన్న చెక్క తలుపులోంచి లోపలికి ఉరికాడు. రాజబాటలో జనం పక్కకు తప్పుకుని పల్లకీకి దణ్ణాలు పెట్టారు. ఎవరో ముత్తయిదువ పసుపూ కుంకుమా విసిరింది. వెనుక పంది డేగగా మారి, ఆకాశం నుంచి జారి పల్లకీ కప్పు చీల్చింది. బయ్యన్న తల వంచాడు. ముసుగు పోయింది, తల దక్కింది. ఆ ఊపులో బోయీలు రాజసౌధం ముంగిట పల్లకీని పడేసి ఎవరి దారిన వాళ్ళు పారిపోయారు.

ఎదురుగా మొర మెట్లు. ఏడు మెట్లు, ఏడూ పోతపోసిన కంచువి. మొదటి మెట్టు మీద కాలు మోపినవాణ్ణి రాజు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. అందుకే ఉగ్రదంష్ట్రుడు ఆ మెట్టుకు ముందు ఇరవైమంది భటులను అడ్డంగా నిలబెట్టాడు. బయ్యన్న కుచ్చిళ్ళలో కత్తిని చూసి ఆయన ముఖం వికసించింది. రెండో నేరం రుజువైందనీ, ఇక చూపుడువేళ్ళు కూడా తనవేననీ అన్నాడు.

మెట్ల పక్కన తాడంత ఎత్తున కంచు ధ్వజస్తంభం ఒకటి ఉంది. బయ్యన్న ఒక్క క్షణం దాన్ని చూశాడు. కత్తిని పళ్ళతో కరిచి పట్టుకున్నాడు. ఒంటి మీది చీర విప్పి మోకులాగా స్తంభం చుట్టూ తిప్పి బిగించాడు. గోచీతో ఎక్కడం మొదలుపెట్టాడు. కింద భటులు నోళ్ళు తెరిచి చూస్తున్నారు. వాళ్ళలో ఒక్కరికీ ఎక్కడం రాదు, రోజూ కింద నిలబడి తాగడమే తెలుసు. సగం ఎత్తుకు పోయాక డేగ మీదికి దూసుకొచ్చింది. బయ్యన్న కాళ్ళు వదిలి, స్తంభం మీదినుంచి భటుల తలలను దాటి ఎగిరి, నాలుగో మెట్టు మీద కూలబడ్డాడు. మోకాలు చిట్లింది. పళ్ళ మధ్య కత్తి మాత్రం అలాగే ఉంది.

సభలో ప్రతాపదుందుభి మహారాజు అప్పటికే చిరాకుగా ఉన్నాడు. ఎదుట ఒక గేదె నిలబడి నెమరు వేస్తోంది. దాని వ్యాజ్యం మూడో రోజుకు వచ్చింది. దానికి తోడు చిన్నరాణికి నొప్పులని వీధిలో పుట్టిన కబురు అప్పుడే సభకు చేరి మంత్రులు అభినందనలు మొదలుపెట్టారు. చిన్నరాణి పుట్టింటికి వెళ్ళి ఏడాదిన్నర అయింది. అంచేత గోచీ పెట్టుకున్న మనిషి కత్తితో రావడం, వెనుక ఒక పొట్టి ఆడమనిషి ఆయాసపడుతూ రావడం, రాజుగారికి ఆ సంగతి నుంచి తప్పించుకోవడానికి మంచి వీలుగా తోచింది. గేదెను పక్కకు జరపమన్నాడు.

బయ్యన్న మొర విన్నవించుకున్నాడు. తాడిచెట్టు, మొవ్వు, గడ్డం ఉన్న నూనెగత్తె, పంది, డేగ, ఒక్కటీ దాచలేదు. చెబుతుంటేనే అతనికి ఇది నమ్మే మాట కాదని అర్థమైంది.  బయట ఎండ నడినెత్తికి వస్తోంది.

కత్తి సొంతదారు ఎక్కడని రాజుగారు అడిగాడు. అప్పుడే వాకిట్లోంచి ఒక సాధువు వచ్చాడు. కాషాయం, కమండలం, ప్రశాంతమైన ముఖం. గుడ్లగూబ కళ్ళు, ఎర్రటి ముక్కు మాత్రం ఎక్కడికీ పోలేదు. తడవకో రంగు తేలుతున్న గడ్డాన్ని నిమురుకుంటూ, ఘూకాక్షుడు రాజును దీవించాడు. ఆ కత్తిని తన జన్మలో చూడలేదని చెప్పాడు. సన్యాసికి కత్తెందుకని ఎదురు ప్రశ్న వేశాడు. సభలో చాలామంది అవునన్నట్టు తలలూపారు. తీర్పు అయ్యాక కత్తి ఎలాగూ ఆయుధశాలకే పోతుంది, మళ్ళీ ఏకాదశికి తను తీరిగ్గా వచ్చి తీసుకుపోవచ్చు. ముసలాయన లెక్క అది. బయ్యన్న దిక్కుతోచక అత్తగారి వంక చూశాడు.

మాచమ్మ అల్లుడిని పక్కకు నెట్టి ముందుకొచ్చింది. ఈ కత్తి తన అల్లుడిది కాదని అతనే చెబుతున్నాడనీ, ఈ స్వామిది కాదని స్వామే చెబుతున్నాడనీ, అయితే ఎవరిదీ కాని లోహాన్ని ఈ రాజ్యంలో ఏం చేస్తారనీ అడిగింది.

రాజుగారు సింహాసనం మీద నిటారుగా కూర్చున్నాడు. ఎవరిదీ కాని లోహం వంటశాలకు పోతుంది. దానితో గరిటెలు చేస్తారు. ఆయన ముసలాయన వంక ఒకసారి చూసి, వంటశాల కమ్మరిని పిలిపించమన్నాడు.

కమ్మరి కొలిమి తిత్తితో సహా వచ్చాడు. కత్తిని అటూ ఇటూ తిప్పి చూసి, మంచి సరుకేనని, నాలుగు గరిటెలూ ఒక అట్లకాడా వస్తాయన్నాడు. ఘూకాక్షుడి కనురెప్ప అదిరింది. అట్లకాడ కొంచెం వెడల్పుగా ఉండాలని మాచమ్మ చెప్పింది. తన ఇంట్లో ఉన్నది మాడ్చేస్తోందట. మిగిలిన ముక్కతో కొబ్బరికోరు చేస్తే పుణ్యముంటుందనీ, ఆ మొసలి తలకాయ పిడి అయితే పచ్చడిబండకు సరిగ్గా సరిపోతుందనీ అంది. ముసలాయన పెదవులు వణికాయి. కమ్మరి కత్తిని దిమ్మె మీద పెట్టాడు. కెంపులు ఊడగొట్టడానికి మకరం కంట్లో మేకు ఆనించాడు. సమ్మెట ఎత్తాడు.

"దాని మీద చెయ్యి వేస్తే బూడిద చేస్తాను," అన్నాడు ఘూకాక్షుడు. "అది నాది. మూడు వందల ఏళ్ళు కష్టపడి సంపాదించుకున్నాను. అది నా కత్తి."

వ్రాయసగాడి గంటం కీచుమంటూ తాటాకు మీద పరుగెత్తింది.  గేదె కూడా నెమరు ఆపింది. రాజుగారు తీర్పు చెప్పాడు. కత్తి ఘూకాక్షుడిది. బయ్యన్న దాన్ని చెట్టు మీంచి కిందికి దించాడే తప్ప ఉంచుకోలేదు, కాబట్టి కింది తీర్పు చెల్లదు, అతను నిర్దోషి. అతని భార్యను వెంటనే వదలాలి. ముద్రలేని కత్తి ఉంచుకున్నందుకు శిక్ష ఘూకాక్షుడికి.

బయ్యన్న తన బొటనవేళ్ళను ముఖానికి ఆనించుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. సిగ్గేమీ పడలేదు. మాచమ్మ అతని వీపు మీద గట్టిగా చరిచింది. పదేళ్ళలో అదే మొదటి మెచ్చుకోలు.

భటులు బెత్తాలు పట్టుకుని సాధువును చుట్టుముట్టారు. ఆయన కమండలం నేలకేసి కొట్టాడు. కారుమబ్బులాంటి పొగ సభామండపమంతా కమ్ముకుంది. పొగలోంచి రెండు రెక్కలు విచ్చుకున్నాయి. గుర్రమంత గుడ్లగూబ లేచింది. కత్తి కోసం దూకింది. కమ్మరి చేతిలో సమ్మెట, కొలిమి సామాను, చుట్టూ ఇనుము ఉండటంతో దగ్గరికి రాలేకపోయింది. దాని కళ్ళు మాచమ్మ మీద పడ్డాయి. అట్లకాడ మాట మరిచిపోలేదు కాబోలు, ఆమె నడుము రెండు కాళ్ళతో పట్టి, కంచు కప్పు పగలగొట్టుకుని ఆకాశంలోకి లేచింది. పొద్దుగూకేలోగా ఖడ్గం కాటుకకొండకు చేరకపోతే ఈ ముసలిదాన్ని వేయించుకు తింటానని పైనుంచి అరిచింది. ఆ అరుపు వెనుక మాచమ్మ తిట్లు చాలాసేపు వినబడ్డాయి. తరువాత వినబడలేదు.

బయ్యన్న కత్తి పిడి మీద చెయ్యి వేశాడు. ఉగ్రదంష్ట్రుడు ఆ చేతి మీద తన చెయ్యి వేశాడు. శిక్ష పడినవాడి కత్తి ఇప్పుడు రాజుగారి సొత్తు, ముద్ర లేనిదే సభ దాటకూడదు. ముద్ర వేయాలంటే కత్తి గలవాడు ఎదుట ఉండాలి. కత్తి గలవాడు ఎగిరిపోయాడు. రాజుగారు నిజంగానే బాధపడ్డాడు. సేనను పంపుతానన్నాడు. కాటుకకొండ సేనకు రెండు రోజుల దారి అని సేనాపతి గొణిగాడు.

"కత్తి కింద పెట్టి ఇంటికి పో, బయ్యన్నా," అన్నాడు రాజుగారు. "ఇందాక నిన్ను విడిపించింది, ఇది నీది కాదన్న ఒక్క మాటే. ఇప్పుడు పట్టుకుపోతే మళ్ళీ నేను కూడా ఏమీ చేయలేను."

అప్పుడు వాకిట్లో నీలి కనబడింది. ఉదయం నుంచి అరుగు మీద ఉగ్గబట్టుకుని కూర్చున్న మనిషి, విడిచిపెట్టగానే పరుగున వచ్చింది. ముందు మొగుడి చేతులు తీసుకుని చూసింది. రెండు బొటనవేళ్ళూ తడిమింది. మీసం లేని ముఖం చూసి నవ్వబోయింది. అంతలో చుట్టూ చూసింది.

"మా అమ్మేదీ?" అంది.

బయ్యన్న తల ఎత్తాడు. కప్పులో పడిన కన్నం వంక చూశాడు. నీలి కూడా చూసింది. బయట మిట్టమధ్యాహ్నం గంట మోగింది.

అతను ఉగ్రదంష్ట్రుడి చేతిని విదిల్చేశాడు. కత్తి నడుముకు దోపి, దగ్గరి స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకుని, బొటనవేళ్ళు బిగించి పైకి పాకాడు. కింద నగరపాలకుడు నేరం చదువుతున్నాడు. కల్లుగీత బయ్యన్న, పట్టపగలు, నిండు సభలో, ముద్రలేని కత్తితో. వ్రాయసగాడు అలాగే రాసుకుంటూ వచ్చి ఒకచోట గంటం ఆపాడు. తల పైకెత్తి, కత్తి ఎవరిదని రాయమంటావని అడిగాడు.

"నాదేనని రాయి," అని బయ్యన్న కప్పు దాటి కాటుకకొండ వైపు దూకాడు.